చెప్పినకొద్దీ తరిగిన ఊరు

నాలుగేళ్లు చదివిన, పోట్లాడిన, కలలు కూడా కన్న భాషలో స్నేహితురాలు ఆగ్నెష్ ఫోన్లో గడగడా మాట్లాడుతోంటే, అందులో ఒక్క ముక్క కూడా తనకి అర్థం కావడం లేదని తరళ గ్రహించింది.

మొదట సిగ్నల్ బాగాలేదనుకుంది. వంటింట్లోంచి పెరటి మెట్ల మీదికి వచ్చింది. గొంతు స్పష్టంగానే ఉంది. ఆగ్నెష్ వెనక ఎక్కడో ట్రాము గంట కూడా వినిపిస్తోంది. మాటలు మాత్రం డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టున్నాయి.

"ఆగ్నెష్, ఒక్క నిమిషం. ఇంగ్లీషులో చెప్పు," అంది తరళ.

అవతల పెద్ద నవ్వు. మళ్లీ అవే గులకరాళ్లు.

"నిజంగానే అడుగుతున్నాను. నాకు అర్థం కావట్లేదు."

నవ్వు ఆగిపోయింది. ఆగ్నెష్ తన వచ్చీరాని ఇంగ్లీషులోకి దిగింది. "ఇన్ని నెలలకి ఫోన్ చేస్తే ఏంటీ ఆట? మనం ఇంగ్లీషులో మాట్లాడుకోవడం ఎప్పుడో మానేశాం కదా. సరే, విను. మన నది కేంద్రంలో ఉద్యోగం ఖాళీ అయింది. ప్రొఫెసర్ నీ పేరే చెప్పారు. సోమవారం వీడియోలో నీతో మాట్లాడతారు. జాలర్ల సంఘం పెద్దలు కూడా కూర్చుంటారు, వాళ్లకి హంగేరియన్ తప్ప ఇంకేం రాదు. నీకేం భయం? వాళ్ల భాషలో వాళ్లనే తిట్టినదానివి!"

ఆ ఉద్యోగం కోసం తరళ ఎంత ఎదురుచూసిందో ఆగ్నెష్‌కి తెలుసు. హంగేరీలో తిసా నది ఒడ్డునున్న సెగెడ్ పట్నంలో నదుల జీవశాస్త్రం చదివి, వీసా ముగిసి, కిందటేడు రాజమండ్రికి తిరిగొచ్చింది తరళ. వచ్చేటప్పుడు విమానాశ్రయంలో ఆగ్నెష్‌ని పట్టుకుని, ఖాళీ వస్తే మాత్రం చెప్పు, ఎక్కడున్నా వచ్చేస్తాను అంది. ఆ మాట అన్నట్టు గుర్తుంది. ఏ భాషలో అందో గుర్తులేదు.

"సోమవారం మాట్లాడతాను," అని ఫోన్ పెట్టేసింది.

* * *

తిరిగొచ్చిన కొత్తలో తరళ రాజమండ్రిలో నవ్వులపాలైంది. కంబాలచెరువు సెంటర్లో తెల్లగీతల దగ్గర నిలబడి బళ్లు ఆగుతాయని చూస్తుంటే, ఆటో అతను తల బయటపెట్టి, "ఏమ్మా, ముహూర్తం కోసం చూస్తున్నావా?" అన్నాడు. బ్యాంకులో ముందు మనిషికి మర్యాదగా జాగా వదిలి నిలబడితే, ఆ జాగాలోకి ఓ కుటుంబం మొత్తం వచ్చి చేరింది.

ఇంట్లోనూ అంతే. వంటింటి తలుపు తట్టి లోపలికెళ్తే శేషారత్నం అత్త చెంప మీద చెయ్యేసుకుంది. "వంటింటికి తలుపు కొడతావేంటే, నేనేమైనా కలెక్టర్నా?" అన్నం వడ్డించినప్పుడు థాంక్స్ చెబితే మాత్రం అత్త నవ్వలేదు. "ఆ మాట హోటల్లో చెప్పుకో," అని గరిటె గిన్నెలో పడేసి వెళ్లిపోయింది.

తరళకి అయిదేళ్లప్పుడు తల్లి పోయింది. తండ్రి అంతకుముందే పోయాడు. మేనమామ సోమసుందరం, అత్త శేషారత్నం పెంచారు. వాళ్లకి పిల్లల్లేరు. ఈ ఇల్లు తప్ప తరళకి ఇంకో ఇల్లు తెలీదు. అయినా తిరిగొచ్చాక అన్నీ పరాయిగా అనిపించేవి. ఆఫీసులో నోరు తెరిస్తే 'అక్కడైతే...' అనే మాటే ముందొచ్చేది. నెల తిరక్కుండా ఆమెకి 'అక్కడైతే మేడమ్' అని పేరు పెట్టేశారు.

ఆ 'అక్కడైతే' తర్వాత ఏముందో వినాలనుకున్నది లోకం మొత్తం మీద ఒక్క సోమసుందరమే.

ఆయన గౌతమీ నాడీ పరిశోధన కేంద్రానికి డైరెక్టరు. మెదడు, జ్ఞాపకం, భయం... వీటి మీద పని. తుఫానులో పడవ మునిగి బతికి బయటపడి, ఇక సముద్రం మొహం చూడలేకపోతున్న మత్స్యకారుల కోసం ఓ మందు తయారుచేస్తున్నాడు. తరళకి అదే ఆవరణలో నీటి విభాగంలో ఉద్యోగం వేయించింది కూడా ఆయనే.

ప్రతి ఆదివారం భోజనాలయ్యాక హాల్లో ఉయ్యాలబల్ల మీద కూర్చుని తాంబూలం పళ్లెం దగ్గరికి లాక్కునేవాడు. లేత తమలపాకులు తుడిచి, ఈనెలు తీసి, సున్నం రాసి, వక్క, జాజికాయ వేసి, చిలక చుట్టి లవంగం గుచ్చేవాడు. ఓ చిలక తనకి, ఓ చిలక మేనకోడలికి.

"నోట్లో పెట్టుకో అమ్మడూ. ఇప్పుడు చెప్పు. కిందటివారం వంతెన దగ్గర ఆగాం."

ఆమె చెప్పేది. ఆయన వినేవాడు. మామూలుగా వినడం కాదు. "ఆ ఇంటి గుమ్మం ఏ రంగు?" "మంచు మీద నడిస్తే చప్పుడెలా ఉంటుంది?" "తర్వాత?" అంటూ ముందుకి వంగి, కళ్లు పెద్దవి చేసుకుని వినేవాడు. తర్వాత ఓ రోజు, "నాకూ ఆ భాష నేర్పవే," అన్నాడు. పడీపడీ నవ్వుకుంటూ ఆమె మాట తర్వాత మాట నేర్పింది, ఆయన నేర్చుకున్నాడు. చెప్పడం అయ్యాక, "కాసేపు నడుం వాల్చు, అలిసిపోయావు," అనేవాడు.

నెలలు గడిచేకొద్దీ తరళ 'అక్కడైతే' అనడం తగ్గింది. తర్వాత మానేసింది. బళ్ల మధ్యలోంచి చెయ్యి చూపిస్తూ రోడ్డు దాటడం మళ్లీ వచ్చేసింది.

"పిల్ల కుదురుకుంది," అని అత్త ఇరుగుపొరుగుకి చెప్పుకుంది. తరళా అలాగే అనుకుంది.

* * *

ఫోన్ పెట్టేశాక గదిలోకి వెళ్లి పాత ఫొటోలు తీసింది.

ఓ ఫొటోలో తను నది గట్టున నిలబడి ఉంది. చేతిలో ఎర్రటి పులుసు గిన్నె. చుట్టూ ఉన్నవాళ్లు తనని చూసి విరగబడి నవ్వుతున్నారు. తనూ నవ్వుతోంది. వాళ్లెవరో తెలీదు. ఇంకో ఫొటోలో పచ్చరంగు ట్రాము, దాని పక్కన మంచు ముద్దలా తను. ఆ వీధి ఎప్పుడూ చూసినట్టే లేదు. ఎవరో తనలాంటి అమ్మాయి జీవితాన్ని దొంగచాటుగా చూస్తున్నట్టుంది.

అన్నీ పోలేదు. నేలమాళిగలో బట్టలుతికే యంత్రం వాసన గుర్తుంది. "నీ గది తలుపు మూసుకో, మసాలా కంపు," అన్న ఇంటావిడ మొహం గుర్తుంది. మొదటి పరీక్ష తప్పి బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చింది గుర్తుంది. ఎవరికీ చెప్పుకోలేని సంగతులన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి.

వంటింట్లోకి వెళ్లి, ఎర్ర పులుసు ఫొటో అత్త ముందు పెట్టింది. "ఇదేంటో నీకేమైనా తెలుసా అత్తా?"

శేషారత్నం కళ్లజోడు సర్దుకుంది. "చేపల పులుసు కదే. హలాస్లేయో ఏదో అన్నావ్. గట్టు మీద మూడు కర్రలు నిలబెట్టి గుండిగ వేలాడదీసి మగాళ్లే వండుతారు. మన గుంటూరు కారానికి తమ్ముడిలాంటి కారం గుప్పెళ్లతో పోస్తారు. ఈ పొట్టాయన పిష్టా. నీకు వల విసరడం నేర్పబోయి, నువ్వు వలతో పాటు నీళ్లలో పడితే ఇదిగో, ఇలా నవ్వుతున్నారు."

"ఇదంతా నీకెవరు చెప్పారు?"

"నువ్వే! మీ మావయ్యకి చెప్తుంటే అంట్లు తోముతూ విన్నాలే. నా చెవులకి ఇంకేం పని?"

తరళ ఇంకో ఫొటో చూపించింది. మంచు వీధి. అత్త ఆ వీధి చివర రొట్టెల దుకాణం గురించి కూడా చెప్పింది. మరోటి. అదీ తెలుసు. "మరి ఈ నేలమాళిగ?" "అదేంటో? దీని సంగతెప్పుడూ చెప్పలేదు నువ్వు." "ఈ ఇంటావిడ?" "ఎవరే ఈ దెయ్యం?"

తరళ స్టూలు మీద కూలబడింది. అత్తకి తెలిసినవేవీ తనకి తెలియవు. తనకి గుర్తున్నవేవీ అత్తకి తెలియవు. ఉయ్యాలబల్ల మీద కూర్చుని చెప్పినవన్నీ పోయాయి. చెప్పనివి మిగిలాయి.

* * *

మర్నాడు నీటి విభాగంలోంచి మెట్లెక్కి పై అంతస్తుకి వెళ్లింది. అక్కడ ఫిరోజా పనిచేస్తుంది. సోమసుందరం దగ్గర చేరి చాలాకాలమైంది, ఎలుకల శిక్షణంతా ఆమెదే.

"రా రా, అక్కడైతే మేడమ్! దారి తప్పావా?" అంది ఫిరోజా, ఓ తెల్ల ఎలుకని ఎడమచేత్తో పొదివి పట్టుకుని. కుడిచేతిలో సన్నటి కుంచె. కుంచె కొసన తెల్లటి లేపనం.

"ఏం చేస్తున్నావో చూద్దామని."

"చూడు మరి." ఎలుక బుగ్గ లోపల కుంచెతో ఓ గీత గీసి దాన్ని చెక్కదారిలో వదిలింది. రెండు పాయలు. ఎడమవైపు చివర వేరుశెనగ, కుడివైపు చివర కొబ్బరి. కుడిపాయకి తలుపు వేసి ఉంది. ఎలుక తడుముకోకుండా ఎడమకి పరిగెత్తి వేరుశెనగ కొరికింది. ఫిరోజా దాన్ని తీసి బోనులో పెట్టి గుడ్డ కప్పింది. "ఓ కునుకు తీయనీ."

పక్కబోనులోంచి, పొద్దున్న ఇలాగే పరిగెత్తి పడుకుని లేచిన ఇంకో ఎలుకని తీసి, రెండు తలుపులూ తెరిచి వదిలింది. అది కుడివైపు కొబ్బరికి చక్కగా వెళ్లింది. ఎడమ పాయ దగ్గర మాత్రం ముక్కు ఎగరేసి, ఎప్పుడూ చూడని చోటులా వాసన చూసి వెనక్కి వచ్చేసింది.

"నెల్లాళ్లు నేర్పాను దానికి ఆ దారి. ఒక్క కునుకుతో సఫా."

"మందు రాస్తే చాలా?"

"చాలదు. అదే కదా దీని గొప్ప. అదిగో, ఆ మూల ఎలుకకీ రాశాను. కానీ పరిగెత్తించలేదు. దానికి రెండు దారులూ గుర్తే." ఫిరోజా చేతులు తుడుచుకుంది. "జ్ఞాపకం అంటే బీరువాలో పెట్టి మరిచిపోయే చీర కాదు తరళా. బయటికి తీసిన ప్రతిసారీ మళ్లీ మడతపెట్టి లోపల పెట్టాలి. ఈ మందు మడతపెట్టనివ్వదు. అందుకని దేన్ని తలుచుకుంటే అదే పోతుంది. తలుచుకోనిది ఉంటుంది."

తరళ ఆ తెల్లటి లేపనం వైపే చూస్తోంది. "అదేంటి, సున్నంలా ఉంది?"

"సున్నమే! మందుని సున్నంతో కలిపితే బుగ్గ లోపలి చర్మం ఇట్టే పీల్చుకుంటుంది. ఇంజెక్షన్ అక్కర్లేదు. ఐడియా సార్‌దే. ఆయన తాంబూలప్రియుడు కదా, తట్టినట్టుంది."

"మనుషుల మీద చూశారా?"

"ఎక్కడ! కమిటీవాళ్లు ఒప్పుకుంటేగా. మళ్లీ తిప్పి పంపారు." ఫిరోజా గొంతు తగ్గించింది. "అయినా ఓ చిత్రం చెప్పనా? ఈమధ్య సార్ మనిషికి ఎంత మోతాదు కావాలో చూసినట్టే చెప్తున్నారు. ఎలుకల నుంచి అంత కచ్చితంగా ఎలా లెక్కగట్టారో నాకు అంతుపట్టలేదు."

తరళ మెట్లు దిగింది. సైకిల్ నేర్పినప్పుడు సీటు వదలకుండా వెనకే పరిగెత్తిన మనిషి. వేసవి సెలవుల్లో గోదావరి ఒడ్డున కూర్చోబెట్టి సూక్ష్మదర్శినిలో నీటిబొట్టు చూపించిన మనిషి. పొరపాటు తనదే అయి ఉండాలి. ఇంకేదో జబ్బు. డాక్టరు దగ్గరికెళ్తే తేలిపోతుంది. తనకి జబ్బు ఉండాలని ఆమె మనసారా కోరుకుంది.

* * *

ఆదివారం. ముద్దపప్పు, కొత్తావకాయ. తరళ అన్నం కెలికి లేచింది.

భోజనాలయ్యాక సోమసుందరం ఉయ్యాలబల్ల మీద కూర్చుని పళ్లెం లాక్కున్నాడు. పళ్లెంలో రెండు సున్నం డబ్బీలు, ఒకటి ఇత్తడిది, ఒకటి వెండిది. వెండిది ఎప్పుడూ తరళకే. "దీంట్లో ఘాటు తక్కువ, నీ నోరు పొక్కదు," అనేవాడు. అది ప్రేమ అనుకుంది ఇన్నాళ్లూ.

చిలక అందించాడు. ఆమె చేతిలో పట్టుకుంది.

"ఇవాళ పండగల గురించి చెప్పు. అక్కడ ద్రాక్షలు కోసే పండగేదో ఉందన్నావు."

"చెప్తాను."

"ముందు నోట్లో పెట్టుకో."

"చెబుతూ వేసుకుంటాను మావయ్యా."

"కాదు కాదు. ముందు వేసుకో. నోరూరుతుంటే కథ బాగా వస్తుంది." నవ్వాడు. ఆ నవ్వు ఎప్పటిలాగే తియ్యగా ఉంది.

"చెయ్యి ఆవకాయ కంపు కొడుతోంది. కడుక్కొస్తాను," అని చిలకని పళ్లెంలో పెట్టి పెరట్లోకి వెళ్లింది. నీళ్ల తొట్టి దగ్గర నిలబడి ఎంతసేపు చేతులు రుద్దుకుందో తెలీదు. తిరిగి వెళ్లి నేరుగా అడిగేయాలి. ఎలా మొదలుపెట్టాలి? 'మావయ్యా' అనే మొదలుపెట్టాలి. అదే కష్టంగా ఉంది.

వీధిగేటు దగ్గర ఎవరో పిలిచారు. సోమసుందరం చెప్పులేసుకుని వెళ్లిన చప్పుడు. కాసేపటికి తిరిగొస్తున్న చప్పుడు. తరళ కూడా హాల్లోకి అడుగుపెట్టింది.

ఉయ్యాలబల్ల మీద శేషారత్నం కూర్చుని ఊగుతోంది. కుడి బుగ్గ ఉబ్బి ఉంది. పెదాలు ఎర్రబడ్డాయి.

"పళ్లెంలో వదిలేసి పోయావేంటే? తాంబూలం పారేస్తే లక్ష్మి అలుగుతుంది. అందుకే నేనే వేసుకున్నా. ఈ బల్ల మీద కూర్చుంటే ఏం గుర్తొస్తుందో తెలుసా నాకు? నిన్ను ఈ ఇంటికి తెచ్చిన రోజు. ఒళ్లు కాలిపోయే జ్వరం నీకు. మీ మావయ్య బస్టాండు నుంచి భుజాన వేసుకుని నడిచొచ్చాడు. ఒక కాలికే చెప్పుంది. ఇక్కడే పడుకోబెడితే, కళ్లు తెరిచి నా వైపు చూసి నువ్వన్న మొదటి మాట—"

"రత్నం!"

గుమ్మంలో సోమసుందరం. తరళ ఆయన గొంతు అలా ఎప్పుడూ వినలేదు.

"ఉమ్మెయ్! ఉమ్మెయ్ అంటున్నా! మాట్లాడకు... దాన్ని గుర్తుచేసుకోకు!"

ఒక్క ఉదుటున వచ్చి భార్య దవడ పట్టుకుని, బుగ్గలో వేలు పెట్టి ఆకు ముద్ద లాగేశాడు. చెంబు నీళ్లు నోట్లో పోశాడు. ఆమె ఉక్కిరిబిక్కిరై, చీరకొంగుతో మూతి తుడుచుకుంటూ నవ్వింది. "ఏంటండీ ఈ వీరంగం? ఆకులో పాముందా ఏంటి?"

ఆయన చెంబు కింద పెట్టాడు. తలెత్తి తరళని చూశాడు. తరళ ఆయన్నే చూస్తోంది.

డాక్టరు దగ్గరికి వెళ్లనక్కర్లేదు. జబ్బు లేదు.

"ఏం గుర్తుచేసుకోకూడదు మావయ్యా?" అంది నెమ్మదిగా.

సోమసుందరం తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

తరళ అత్తని పట్టుకుంది. "అత్తా, ఇవాళ పడుకోకు. నీ కాళ్లు పట్టుకుంటాను."

"బాగుంది. ఆదివారం కునుకు మానేసి నేనెప్పుడైనా బతికానా?"

"కాఫీ పెడతాను. బజారుకెళ్దాం. ఏదో ఒకటి మాట్లాడు, కానీ పాత సంగతులొద్దు. సీరియల్ కథ చెప్పు."

"నీకు సీరియల్ కథా! ఎండ దెబ్బ తగిలినట్టుంది," అంది అత్త. కాఫీ కలిపి తెచ్చేలోపు చాప మీద ఒరిగి సన్నగా గురక పెడుతోంది. తరళ గ్లాసు కింద పెట్టి భుజాలు పట్టుకుని ఊపింది. శేషారత్నం కళ్లు నులుముకుంటూ లేచి కూర్చుంది.

"ఏంటే, ఇల్లు కాలిపోతోందా?"

"అత్తా, నన్ను ఈ ఇంటికి తెచ్చిన రోజు... నేను నీతో అన్న మొదటి మాటేంటి?"

శేషారత్నం ఆమె వైపు వింతగా చూసింది. తర్వాత జాలిగా జుట్టు సవరించింది.

"తేవడమేంటే పిచ్చిదానా? నువ్వెప్పుడూ ఇక్కడే ఉన్నావు కదా."

ఆమె మొహంలో ఏ బాధా లేదు. కాఫీ అందుకుని ఊదుకుంటూ తాగింది.

తరళ లేచి వెళ్లి మేనమామ గది తలుపు తోసింది. ఆయన కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు, అంతా విన్నట్టే ఉంది. ఆమె ఫోన్లో రికార్డు నొక్కి, బల్ల మీద ఆయన ముందు పెట్టింది.

"రేపు సెగెడ్‌లో ఉద్యోగం కోసం వాళ్ల ముందు వీడియోలో కూర్చుంటాను. 'మీ భాష నాకు రాదు' అని చెప్తాను. ఎందుకు రాదని అడుగుతారు. దానికి జవాబు నా దగ్గర లేదు, నీ దగ్గరుంది. చెప్పు. ఒక్క అబద్ధం ఆడినా ఈ ఇంట్లో నాకు మావయ్య లేడు."

సోమసుందరం కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఫోన్ దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత చెప్పాడు.

"చేసుకో, రికార్డు చేసుకో. నా పేరు సోమసుందరం. నా మేనకోడలికి తెలియకుండా, ఏ కమిటీ అనుమతీ లేకుండా, ఆమె మీద మందు వాడింది నేనే. ఫిరోజాకి తెలీదు. రత్నానికి తెలీదు. ఇవాళ రత్నానికి జరిగింది కూడా నా తప్పే.

"మొదట మంచికే చేశాను. ప్రతి దొంగా ఇదే అంటాడు, నేనూ అంటున్నాను. వచ్చిన కొత్తలో ఓ రోజు భోజనాల దగ్గర, 'ఇంటికెళ్లాలనుంది మావయ్యా' అన్నావు. ఈ ఇంట్లో, మీ అత్త వడ్డించిన అన్నం కలుపుతూ అన్నావు. అన్నట్టు నీకే తెలీదు. రత్నం లేచి పెరట్లోకి వెళ్లి చాలాసేపు రాలేదు. ఆ వారమే మొదటి చిలక చుట్టాను. నువ్వుండిన ఆ అద్దెగది ఒక్కటీ తీసేస్తే బెంగ తగ్గుతుందనుకున్నాను. తగ్గింది. ఆ వారం నువ్వు అడిగి మరీ మారు వడ్డించుకున్నావు, హాయిగా ఉందన్నావు. ఎలుకలు ఎప్పుడూ నాకలా చెప్పలేదు తరళా.

"అక్కడ ఆపాల్సింది. ఆపలేదు. ఎందుకో కూడా చెప్తాను.

"నిన్ను తెచ్చిన రోజు ఇక మీ అత్తకి లేదు. నేను చెప్పకపోతే ఎవరికీ ఉండదు. ఆ పొద్దున నా జేబులో విమానం టికెట్టుంది. స్వీడన్‌లో చదువు. బట్టలు సర్దుకున్నాను కూడా. మీ అమ్మ కబురొచ్చింది. వెళ్లి నిన్ను భుజాన వేసుకుని వచ్చాను. ఆ టికెట్టు సంగతి ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అందరూ దాన్ని త్యాగం అన్నారు. కాదు. త్యాగం చేసినవాడు మరిచిపోవాలి. నేను ఒక్కరోజు కూడా మరిచిపోలేదు. నీ దరఖాస్తులు నేనే పూర్తిచేశాను, నేనే రైలెక్కించాను. నువ్వు తిరిగొచ్చి 'అక్కడైతే' అన్నప్పుడల్లా నా ఒళ్లు మండిపోయేది. నేను వెళ్లాల్సిన చోటికి నువ్వు వెళ్లొచ్చావు. నవ్వుతూ చెప్తున్నావు. అసూయ కాదని నాకు నేనే చెప్పుకునేవాణ్ణి. అసూయే.

"తర్వాత అదీ పోయింది. ఆకలి మొదలైంది. నువ్వు చెప్తుంటే ఆ వీధుల్లో నేను నడిచేవాణ్ణి. గుమ్మం ఏ రంగని అడిగింది మందు కోసమే అనుకుంటున్నావు కదూ? లోతుగా తలుచుకుంటే లోతుగా పోతుంది, నిజమే. కానీ నాకు ఆ రంగు కావాలి. శనివారం నుంచే ఆకులు ఏరుకుని కూర్చునేవాణ్ణి. నువ్వు నిద్రలేచేసరికి నీ దగ్గర ఖాళీ, నా దగ్గర నిండుగా. నీ భాష కూడా అంతే. 'వీజ్' అంటే నీళ్లు. 'ఫొయో' అంటే నది. నువ్వే నేర్పావు. ఇప్పుడు నీ మొహం చూస్తే తెలుస్తోంది, అవి నీకు వట్టి చప్పుళ్లు.

"తిరిగి రావు. విరుగుడు లేదు. ఉందని చెప్పి నిన్ను ఇంకో ఆదివారం కూర్చోబెట్టగలను. ఆ అబద్ధం ఆడను. పోలీసుల దగ్గరికి పద, వస్తాను. కమిటీ ముందు చెప్పమన్నా చెప్తాను.

"కానీ అన్నీ నా దగ్గరున్నాయి తరళా. జూన్‌లో ఓ సాయంత్రం పిష్టా పడవలో మీరు నది మధ్యకి వెళ్లారు. గాలి లేదు. నీళ్లు నూనెలా ఉన్నాయి. ఉన్నట్టుండి నది అడుగు బంకమట్టిలోంచి పురుగులు లేచాయి, మన ఉసుళ్లలాంటివి, కానీ వాటికి పొడుగాటి తోకలు. లక్షలు. మూడేళ్లు మట్టిలో పడుండి, ఆ ఒక్క పూట కోసం పైకొస్తాయట. రెక్కలు విప్పి, జత కట్టి, పొద్దు పోయేలోపు చచ్చిపోతాయి. దాన్ని అక్కడివాళ్లు నది పూసిందంటారు. అవి నీ జుట్టు మీద, చేతుల మీద, పిష్టా టోపీ మీద వాలాయి. ఎవరూ మాట్లాడలేదు. ఆ రెక్కల చప్పుడు పట్టుబట్ట చింపుతున్నట్టు ఉందన్నావు. అది నువ్వు చూశావు. ఇప్పుడు ఈ భూమ్మీద నీ కళ్లతో చూసినవాణ్ణి నేనొక్కణ్ణే.

"అప్పుడు నువ్వు ఏడ్చావట. ఎందుకని అడిగితే నవ్వేసి మాట మార్చావు. ఎంత తిప్పి అడిగినా చెప్పలేదు. అదొక్కటీ నాకు దొరకలేదు, అంటే అది ఇంకా నీ దగ్గరే ఉండాలి. రోజూ అక్కడిదాకా వెళ్లి ఆగిపోతున్నాను. ఎందుకేడ్చావమ్మా? ఈసారి మందు లేదు, ఇదిగో, నా చేతులు చూడు. ఊరికే అడుగుతున్నాను. చెప్పవూ?"